ఎడమ జేబు

మా బిల్డింగ్ తలుపుకి ఎదురుగా నీలం గీతల మధ్య చక్రాల కుర్చీ బొమ్మ వేసిన పార్కింగ్ చోటు ఒకటుంది. దుబాయ్‌లో మేముండే ఇంటర్నేషనల్ సిటీలో పొద్దు వాలిందంటే కారు పెట్టుకోవడానికి జానెడు జాగా దొరకదు. జనం సందు సందూ తిరిగి, హారన్లు కొట్టుకుని, ఒకరినొకరు నానా భాషల్లో తిట్టుకుని, చివరికి రోడ్డు అవతల ఇసుక మైదానంలోకి పోతారు. ఇంత గోలలోనూ ఆ నీలం చోటు మాత్రం ఖాళీగానే ఉండేది. జరిమానాకి జడిసి ఎంతటి మొండివాడూ అందులో చక్రం పెట్టడు. పిల్లులు మాత్రం కాళ్లు చాపుకుని హాయిగా పడుకునేవి. బాల్కనీలో బట్టలు ఆరేస్తూ వాటిని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది. మా బిల్డింగ్‌లో ఆ చోటు ఎవరికైనా కావాలీ అంటే అది మా ఆయనకే కావాలి. ఆయనేమో రోజూ ఇసుకలోంచి నడిచి వచ్చేవారు.

ఆయనకి చిన్నతనంలోనే పోలియో వచ్చి ఎడమ కాలు చిక్కిపోయింది. తొడలో బలం లేదు. ఆ కాలు మీద బరువు పడగానే మోకాలు ముందుకి ముడుచుకుపోతుంది. చేత్తో తొడని వెనక్కి నొక్కి పట్టుకుంటేనే నిలబడుతుంది. అలా నొక్కుకుంటూ నడిచేవాళ్లని మనందరం చూసే ఉంటాం. మా ఆయన మాత్రం అలా కనబడరు. ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని, లోపల్నుంచి తొడని నొక్కుతూ నడుస్తారు. మడమ కింద బూటులో హవాయి చెప్పు ముక్క ఒకటి కోసి పెట్టుకుంటారు. చూసేవాళ్లకి ఎవరో పెద్దమనిషి జేబులో చెయ్యి పెట్టుకుని తీరుబడిగా వస్తున్నట్టు ఉంటుంది. బాల్కనీలోంచి చూసే నాకు మాత్రం ఆ జేబులో పడే అవస్థ అంతా తెలుసు.

నాకెందుకు తెలుసంటే, ఆ జేబు కుట్టేది నేనే. అసలు మా పరిచయమే జేబుతో మొదలైంది. మాది కోనసీమ. అరబ్బీల ఇంట్లో పనికని వచ్చి, ఆ ఇంటి పెద్దావిడ పోయాక, అల్ వర్సాన్ దగ్గర బట్టలు సరిచేసే కుట్టు షాపులో చేరాను. అక్కడికి దగ్గర్లోనే ఒక గోడౌన్‌లో ఆయన స్టోర్ కీపర్. రెండు వారాలకోసారి ప్యాంటు పట్టుకొచ్చేవారు. ఎప్పుడు చూసినా ఎడమ జేబే చిరిగి ఉండేది. నాకసలే నోరు ఊరుకోదు.

"ఏవండీ, ఈ జేబులో ఏం పెట్టుకుంటారండీ మీరు, రాళ్లా?" అన్నాను ఒకసారి.

"చెయ్యి" అన్నారు.

"చేతికే ఇంత చిరుగుతుందాండీ?"

"గిది జర గట్టి చెయ్యి" అని నవ్వారు. జగిత్యాల వైపు మాట అని అప్పుడే తెలిసింది.

ఆయన షాపు దిగి వెళ్తుంటే అద్దంలోంచి చూశాను. ఆ చెయ్యి చేస్తున్న పనేమిటో అర్థమైంది. ఏమీ అడగలేదు. ఆ ప్యాంటుకి మామూలు జేబు గుడ్డ తీసేసి మందపాటి జీన్ గుడ్డ వేసి, అడుగున రెండు వరసల కుట్టు వేసి ఇచ్చాను. మరుసటి వారం వచ్చి కౌంటర్ దగ్గర నిలబడి, "గిది ఎవరు కుట్టిన్రు?" అని అడిగారు. నేనే అన్నాను. "జేబు మంచిగ ఆగుతున్నది" అన్నారు. ఇంకేదో అందామనుకుని అనలేక వెళ్లిపోయారు. పెళ్లయ్యాక ఎప్పుడైనా హుషారుగా ఉంటే, "నీ మాటలు ఇనేతందుకే రెండు ప్యాంట్లు కావాల్నని చింపిన" అనేవారు. అబద్ధమే, కానీ వినడానికి బాగుండేది.

ఆ నడక వెనక కథ ఆయన నాకు పెళ్లయిన చాలా రోజులకి గానీ చెప్పలేదు. దుబాయ్ రావడానికి మొదటిసారి ఏజెంటు దగ్గరికి పోయినప్పుడు, హోటల్ గదిలో కుర్చీలో కూర్చున్న కంపెనీ మనిషి "నడువ్" అన్నాడట. నాలుగడుగులు వేసేసరికే పాస్‌పోర్టు వెనక్కి ఇచ్చేశారట. ఊళ్లో గల్ఫ్‌కి పోయి వచ్చిన మేనమామ ఒకాయన ఈ జేబు ఉపాయం, చెప్పు ముక్క ఉపాయం నేర్పాడు. బీడీల కార్ఖానా వెనక సందులో ఒక ఎండాకాలమంతా నడక నేర్చుకున్నారు. తరవాతి సారి కుర్చీలో కూర్చున్నవాడు "నడువ్" అంటే నడిచారు. పాసయ్యారు. ఆ రోజు నుంచి ఇక ఆ నడక మానలేదు. పనివాళ్లుండే క్యాంపులో, సైట్‌లో, స్టోర్‌లో, ఎవరి ముందైనా సరే అదే నడక. గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాకే చెయ్యి జేబులోంచి బయటికి వచ్చేది. అప్పటికి అరచెయ్యి ఎర్రగా కమిలిపోయి ఉండేది.

కారులో కూర్చుంటే మాత్రం ఆయనకి ఏ లోటూ లేదు. ఆటోమేటిక్ బండికి కుడి కాలు ఒక్కటి చాలు. సెలవు రోజున ఇద్దరం ఫుజైరా వెళ్లేవాళ్లం. మాకు పిల్లలు లేరు, ఎక్కడికైనా ఇద్దరమే. కొండల మధ్య మలుపుల్లో ఒక చెయ్యి స్టీరింగు మీద వేసి, పాటలు పాడుతూ నడిపేవారు. సముద్రం ఎదురుగా కారు ఆపి, నన్ను నీళ్లలోకి పొమ్మని, తను అద్దం దించుకుని చూస్తూ కూర్చునేవారు. నాకు ఆయన అలా కూర్చున్నప్పటి ముఖమే ఎక్కువ గుర్తుంది.

కరోనాలో అందరం ఇళ్లలో మూసుకుని కూర్చున్న రోజుల్లో ఆయన కాళ్లు ఇంకా మెత్తబడ్డాయి. మళ్లీ పనిలోకి వెళ్లడం మొదలయ్యాక కుడి మోకాలు నొప్పి అన్నారు. బతిమాలి ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు ఎక్స్‌రే ఫొటోలు చూసి దాచకుండా చెప్పాడు. "ఎడమ కాలు ఎప్పుడో చేతులెత్తేసింది. ఇన్నేళ్లూ కుడి కాలే రెండు కాళ్ల చాకిరీ చేసింది. అది కూడా అరిగిపోయింది. పడకుండా చూసుకోండి. ఈ కుడి కాలు విరిగిందంటే ఇక నిలబడటానికి మీకు కాలే లేదు." అని, ఎక్కడెక్కడ ఎక్కువ నడుస్తారని అడిగాడు. కారు పెట్టిన చోటు నుంచి ఇంటికి అని చెప్పాను. "మరి వికలాంగుల పార్కింగ్ పర్మిట్‌కి పెట్టుకోవచ్చుగా?" అన్నాడు. పర్మిట్ వస్తే ఆ నీలం చోట్లో కారు పెట్టుకోవచ్చు. ఇసుక లేదు, గుంటలు లేవు, రోడ్డు దాటక్కర్లేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఆయనకి మాత్రం ముఖం మాడిపోయింది. లిఫ్టు దిగేలోపే గొడవ మొదలు.

"పాగల్ అయినవా? సర్కారు కాగితంల కుంటోడని రాసియ్యమంటవా?"

"రాసిస్తే ఏమవుతుందండీ?"

"అన్‌ఫిట్ అయితది. ఖలాస్. ముదీర్ చేతిల టికెట్ వెట్టి పంపుతడు." ముదీర్ అంటే వాళ్ల మేనేజరు.

"వీసా మెడికల్లో కాళ్లెవరు చూస్తారండీ? రక్తం తీస్తారు, ఛాతీ ఫొటో తీస్తారు, అంతేగా!"

"కంప్యూటర్ల ఒక్కపారి ఎక్కినంక అన్ని ఆఫీసులకు కనవడ్తది. నీకు తెల్వది, ఊకో."

గల్ఫ్‌కి వచ్చినవాడికి 'అన్‌ఫిట్' అన్న మాట ఎంత భయమో నాకూ తెలుసు. క్యాంపుల్లో జ్వరం వచ్చినా, నడుం పట్టేసినా, ముందు దాచుకోవడమే ఆలోచిస్తారు. మెడికల్ వస్తోందంటే దగ్గు కూడా మింగుతారు. ఆ భయం ఒకసారి ఒంట్లోకి వెళ్లాక ఇక పోదు. అది తెలిసి కూడా నాకు ఆ రోజుల్లో ఆయన మీద కోపమే వచ్చేది. అన్నం పెట్టేటప్పుడు పళ్లెం గట్టిగా పెట్టేదాన్ని. ఆయన ఏమీ ఎరగనట్టు, "ఇయ్యాల పప్పు మంచిగున్నది" అనేవారు. అప్పుడు నా కోపం ఇంకా పెరిగేది.

ఈ దేశంలో వికలాంగులు అనరు, 'పీపుల్ ఆఫ్ డిటర్మినేషన్' అంటారు, అంటే పట్టుదల ఉన్నవాళ్లని అర్థం, కాబట్టి చిన్నతనం ఏమీ లేదని నచ్చజెప్పబోయాను. "గట్లయితె నాకెందుకు కాగితం? నా పట్టుదల సంగతి ఊరంతా తెలుసు" అన్నారు. నవ్వొచ్చింది, నవ్వాను కూడా. ఆ నవ్వుతో ఆ ఏడాది గడిచిపోయింది.

ఒక సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి చొక్కా వెనకంతా ఇసుక. చేతిలో సంచిలోంచి గుడ్ల సొన కారుతోంది.

"పడ్డారా?"

"లే. జర కూసున్న."

"ఇసుకలో కూర్చుని గుడ్లు పగలగొట్టుకున్నారా? నా చెవిలో పువ్వు కనబడుతోందేటండీ మీకు?"

నేను చొక్కా విప్పి దులుపుతుంటే మోచెయ్యి దోక్కుపోయి కనబడింది. అంతే, నాకు ఏడుపు ఆగలేదు. "ఆ కాలు పోతే నేనెవరి జేబులు కుట్టుకోవాలండీ!" అని గట్టిగానే ఏడ్చాను. పక్క ఫ్లాట్‌వాళ్లు విన్నా సరే అనుకున్నాను. ఆయన మంచం మీద కూర్చుని, "సరే తియ్. పెడ్దాం" అన్నారు.

టైపింగ్ సెంటర్‌లో ఉండి గవర్నమెంటు కాగితాలు నింపిపెట్టే మలయాళీ ఆయన చేత అప్లికేషన్ పెట్టించాం. డాక్టరు రిపోర్టు, గుర్తింపు కార్డు, కారు కాగితాలు అన్నీ జత చేశాడు. తరవాత డాక్టర్ల బోర్డు ముందు హాజరవ్వాలని మెసేజి వచ్చింది.

ఆ రోజు పొద్దున్నే లేచి ఆయన నున్నగా గడ్డం గీసుకున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. బూట్లకి పాలిష్ పెట్టి, గుడ్డతో రుద్ది రుద్ది మెరిపించారు. నేను టీ పెడుతూ చూసి, ముచ్చటగా ఉన్నారనుకున్నాను తప్ప నా మొద్దు బుర్రకి ఇంకేమీ తట్టలేదు. మనిషి ఇంటర్వ్యూకి తయారవుతున్నారు.

గదిలో బల్ల వెనక ఇద్దరు డాక్టర్లున్నారు. ఒకావిడ ఫైలు చూసి, తలెత్తి ఎంతో మర్యాదగా కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. నిటారుగా నిలబడ్డారు. ఆవిడ, "ఒకసారి ఆ తలుపు దాకా నడిచి రండి" అంది హిందీలో.

ఆయన చెయ్యి జేబులోకి వెళ్లిపోయింది. గడ్డం పైకి లేచింది. నడిచారు. అయ్యబాబోయ్, ఏం నడకండీ అది! తలుపు దాకా వెళ్లి, చక్కగా తిరిగి, నవ్వు ముఖంతో వచ్చి బల్ల ముందు నిలబడ్డారు. కాపురానికి వచ్చాక అంత బాగా నడవగా నేను ఎప్పుడూ చూడలేదు.

"ఎంత దూరం నడవగలరు?"

"ఎంత దూరమన్నా, మేడమ్. నో ప్రాబ్లమ్."

"నొప్పి ఉంటుందా?"

"నో ప్రాబ్లమ్, మేడమ్."

"మెట్లు ఎక్కగలరా?"

"అంతా ఫస్ట్ క్లాస్, మేడమ్."

నేనిక ఆగలేకపోయాను. నాకొచ్చిన హిందీలో, అబద్ధం మేడమ్, ఆయన చెయ్యి చూడండి, ఆ జేబు చూడండి, మొన్ననే ఇసుకలో పడ్డారు, రోజూ అరచెయ్యి కమిలిపోతుంది అని గబగబా చెప్పేశాను. ఆవిడ ఆయన వైపు చూసింది. ఆయన జేబులోంచి చెయ్యి తియ్యకుండానే, "మా ఇంటామెకు భయమెక్కువ మేడమ్" అని నవ్వారు. ఆ డాక్టరమ్మని అనడానికేముంది? తన కళ్లెదుట మనిషి నడిచాడు, తన నోటితో బాగున్నానన్నాడు. నడవడానికి బాగా కష్టమయ్యేవాళ్లకే ఈ పర్మిట్ అని, ముందు ముందు కష్టమైతే కొత్త రిపోర్టుతో మళ్లీ రమ్మని నెమ్మదిగా చెప్పి పంపింది.

కారెక్కాక నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నోరు విప్పితే ఏమంటానో నాకే భయమేసింది. ఇంటి దగ్గరికి వచ్చి ఇసుక మైదానంలో కారు ఆపాక ఆయన ఇంజన్ కట్టెయ్యలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నారు.

"నేను కావాల్నని చెయ్యలేదే" అన్నారు.

"మరెందుకండీ అలా నడిచారు?"

"కుర్చీల కూసున్నోడు నడువ్ అంటె సాలు, నా కాలు సీదా అయితది. నేను ఆపుదామనుకున్న. ఆగలే. సార్ల ముంగట కుంటుడు నాకు రాదే."

ఆయన గొంతులో అంత ఓటమి నేను అంతకుముందు వినలేదు. చెయ్యి పట్టుకుని ఇసుక దాటించాను. ఆ ఒక్క రోజూ పట్టుకోనిచ్చారు.

వారం పోయాక ఉపాయం ఆయనే చెప్పారు. "జేబు లేకుంటె చెయ్యి యాడికి పోతది? తొడ మీదికే వస్తది. అప్పుడు డాక్టరమ్మ చూస్తది. ఒక ప్యాంటుకు జేబు మూసి కుట్టు" అన్నారు. నిజమేననిపించింది. ఇద్దరం నవ్వుకున్నాం కూడా. బూడిద రంగు ప్యాంటు ఒకటి తీసి, ఇన్నాళ్లూ ఏ జేబు చిరక్కుండా చూశానో ఆ జేబు నోరు మిషను మీద పెట్టి మూసేశాను. పరీక్ష రోజు తప్ప వేసుకోకండి అని చెప్పి, మడత పెట్టి బీరువాలో పెట్టాను. టైపింగ్ సెంటర్ ఆయన మళ్లీ అప్లికేషన్ పెట్టాడు.

ఆ ఆదివారం ఆయనకి సెలవు. మా షాపు మాత్రం తీసే ఉంటుంది కనక నేను వెళ్లాను. పొద్దెక్కాక ఫోను మోగింది. ఎవరో పఠాన్ డ్రైవరు. మైదానంలో తన వ్యాను కడుక్కుంటున్నాడట. మీ ఆయన పడ్డాడు, అంబులెన్సుకి చెప్పాను, రండి అన్నాడు.

నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి అంబులెన్సులోకి ఎక్కిస్తున్నారు. బూడిద రంగు ప్యాంటు వేసుకుని ఉన్నారు. పఠాన్ నా వెంటే వచ్చి, తనకేమీ అర్థం కాలేదన్నట్టుగా చెప్పాడు. "పొద్దున్నుంచీ కుంటుకుంటూ అటు పోతున్నాడు, ఇటు వస్తున్నాడమ్మా. బాగా నడిచే మనిషేగా, రోజూ చూస్తాను. ఏమైంది భాయ్ అని అడిగితే, పరీక్ష ఉంది, నేర్చుకుంటున్నా అన్నాడు."

ఆస్పత్రిలో మత్తు దిగాక ఆయన చెప్పిన మొదటి మాట ఇది. "కుంటుడు వచ్చిందే, మంచిగనే వచ్చింది. కాలు గుంటల వడ్డది. చెయ్యి అలవాటు కొద్ది జేబు కోసం పోయింది. జేబు లేదు." అని, నా ముఖం చూసి, "నువ్వేం జేస్తవ్? నేనే గదా కుట్టుమన్న" అన్నారు. విరిగింది కుడి తుంటి. డాక్టరు ఏ కాలు జాగ్రత్త అన్నాడో ఆ కాలే. లోపల రాడ్ వేశారు. ఎముక అతుక్కుంది గానీ, ఆ కాలు ఇక ఆయన బరువు మోయలేదు.

ఇంకొక మాట చెప్పాలి. చెప్పకుండా ఉందామనే అనుకున్నాను, మనసొప్పడం లేదు. ఆస్పత్రికి ముదీర్ వచ్చాడు. మా ఆయన మంచం మీదే సర్దుకుని కూర్చోబోయారు. దుప్పటి కింద చెయ్యి తొడ మీద వెతుక్కోవడం నేను చూశాను. ముదీర్ పక్కన కూర్చుని, "నీ కాలు సంగతి నాకు మొదటి రోజే తెలుసు. అందుకే సైట్ మాన్పించి స్టోర్‌లో వేశాను. గోడౌన్‌లో అందరికీ తెలుసు. నువ్వు చెప్పుకోవు కాబట్టి మేమూ అడగలేదు" అన్నాడు. బాగయ్యాక కూర్చుని చేసే పని ఉంది, వచ్చెయ్యమన్నాడు. ఎంత మంచి మాట అది! అది విని సంతోషించాలి కదా. ముదీర్ వెళ్లాక ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను వీపు నిమురుతూ కూర్చున్నాను. ఎవరి దగ్గర దాచడానికి ఆ చెయ్యి ఇన్నేళ్లు కమిలిపోయిందో వాళ్లందరికీ తెలుసట. నాకు లోకం మీద కోపం వచ్చింది, ఆ మేనమామ మీద, హోటల్ గదిలో కుర్చీలో కూర్చున్నవాడి మీద, అందరి మీదా వచ్చింది. ఒక్కడంటే ఒక్కడు ముందే ఆ మాట అని ఉంటే ఏం పోయేది?

కారు నడిపే మనిషి లేక చాలాకాలం దుమ్ము పట్టి పడి ఉంది. అమ్మేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. "నువ్వు నేర్వు" అన్నారు. కుట్టు మిషను తప్ప ఏ చక్రమూ తిప్పని దాన్ని, పరీక్ష తప్పుతూ, ఏడుస్తూ, మళ్లీ కడుతూ మొత్తానికి లైసెన్సు తెచ్చుకున్నాను. ఆయన పక్క సీట్లో కూర్చుని, "బ్రేకే బ్రేకు, అమ్మా తల్లీ, బ్రేకు!" అని అరిచేవారు. పాటలు మాత్రం పాడటం మానేశారు. ఫుజైరా పోదామా అంటే, ఎండలు తగ్గనీ అంటారు. ఎండలు తగ్గాయి, మళ్లీ వచ్చాయి.

నాకు లైసెన్సు వచ్చాక పర్మిట్‌కి మూడోసారి అప్లికేషన్ పెట్టాం. బోర్డు ముందుకి చక్రాల కుర్చీలో తీసుకెళ్లాను. గడ్డం గీయించాను, ఇస్త్రీ చొక్కా వేశాను. బూట్లు పాలిష్ చెయ్యమని ఆయన అడగలేదు. పాలిష్ చెయ్యకుండా ఉండలేక నేనే చేశాను. అదే గది, అదే డాక్టరమ్మ. ఆవిడ ఫైలు చూసింది, కుర్చీలో ఉన్న మనిషిని చూసింది, ఎక్కడో చూశానే అన్నట్టు ఒక క్షణం ఆగింది. తరవాత తలొంచుకుని సంతకం పెట్టడం మొదలుపెట్టింది.

ఆయన ముందుకి వంగి, "నడవాల్నా మేడమ్?" అని అడిగారు.

"అవసరం లేదు" అంది ఆవిడ, చాలా దయగా.

మేము ఇంటికి చేరేలోపే పర్మిట్ వచ్చినట్టు ఫోనులో మెసేజి వచ్చింది. సాయంత్రం వేళ, జాగా కోసం కార్లు సందుల్లో గిరగిరా తిరుగుతున్నాయి. నేను నీలం చోటు దగ్గర హారన్ కొడితే పిల్లి ఒకటి లేచి, నన్ను తిడుతున్నట్టు చూసి పక్కకి పోయింది. నా వచ్చీ రాని డ్రైవింగుతో ముందుకీ వెనక్కీ చేసి కారు లోపల పెట్టాను. వెనక నుంచి కుర్చీ దించి, తెరిచి, ఆయన్ని అందులో కూర్చోబెట్టాను.

ఆయన కారు తలుపు మీద చెయ్యి ఆనించి బిల్డింగ్ తలుపు వైపు చూశారు. మళ్లీ కారు వైపు చూశారు. ఆ నీలం చోటు నుంచి మా గడప ఎంత దూరమో ఆయన ఎప్పుడూ చూసుకోలేదు. వచ్చినప్పుడల్లా ఇసుక వైపు నుంచే వచ్చేవారు.

"గింతేనా?" అన్నారు.

"అంతేనండీ."

"గింత దూరమే అయితె నేను నడిచేటోన్ని గదనే" అన్నారు.

బ్రేకు తీసి కుర్చీ తోసుకుంటూ లోపలికి తీసుకెళ్లాను.